క్షురకుల పొది నుండి శాస్త్రపీఠమునకు

ఇంగ్లండులో మందు వ్రాసియిచ్చు వైద్యుని ‘డాక్టర్’ అని పిలుతురు. కత్తి పట్టి ప్రాణము నిలుపు శస్త్రవైద్యుని మాత్రము నేటికిని ‘మిస్టర్’ అనియే పిలుతురు. మన విద్యార్థులకిది వింతగా తోచును. ఈ పిలుపు వెనుక ఒక పాత అవమానము దాగియున్నది.

1540లో ఎనిమిదవ హెన్రీ రాజు కాలమున లండను క్షురకులను, శస్త్రవైద్యులను ఒకే సంఘముగా కలిపిరి. విశ్వవిద్యాలయ పట్టము పొందిన వైద్యుడు లాటిను గ్రంథములు చదివి, నాడి చూచి, మందు నిర్ణయించెడివాడు. కురుపు కోయుట, విరిగిన యెముక కట్టుట, కుళ్లిన కాలు తీసివేయుట చేతిపనివాని పనులుగా నెంచబడెడివి. చేతితో చేయు పని చిన్నదను భావము ఒక్క ఐరోపాకే పరిమితము కాదని మనము ఒప్పుకొనక తప్పదు.

18వ శతాబ్దమున ఈ ముడి విడిపోయినది. పారిస్‌లో 1731లో శస్త్రవైద్య అకాడమీ వెలసెను. 1743లో రాజశాసనము అచటి శస్త్రవైద్యులను క్షురకుల నుండి వేరుచేసెను. లండనులో ఆ పని 1745లో జరిగినది. అయితే శాసనము సంఘమును చీల్చగలదు గాని విద్యను పెంచజాలదు. విద్యను పెంచినవారు వేరే కలరు.

వారిలో విలియం చెసెల్డన్ ఒకడు. ఈథరు మత్తు 1846లో గాని రాలేదు. కావున రోగిని నలుగురు అదిమిపట్టగా, మూత్రాశయములోని రాతిని ఇతడు నిమిషము లోపుననే తీసెడివాడని ప్రసిద్ధి. ఆ వేగము కన్న మనము మెచ్చుకొనదగినది ఇంకొకటి కలదు. తాను రాయి తీసిన 213 మందిలో 20 మంది మరణించిరని అతడే ప్రకటించెను. తన చేతిలో పోయినవారిని తానే లెక్కించి లోకమునకు చెప్పిననాడు చేతిపని శాస్త్రమగుటకు మొదలిడినదని మా అభిప్రాయము.

చెసెల్డన్ వద్ద నేర్చిన జాన్ హంటర్ 1728లో స్కాట్లండులో ఒక వ్యవసాయ కుటుంబమున జన్మించెను. బడి చదువు అంతంత మాత్రమే. 1748లో లండను చేరి, అన్న విలియం నడుపు శరీరనిర్మాణ పాఠశాలలో ఏండ్ల తరబడి శవచ్ఛేదము చేసెను. పిదప సైన్యమున చేరి 1761లో బెల్ ఐల్ యుద్ధమును చూచెను. తుపాకి గాయమును కత్తితో ఇంకను పెద్దది చేయుట ఆనాటి ఆచారము. చికిత్స లేకయే దాగియున్న కొందరు శత్రుసైనికులు, చికిత్స పొందినవారికి తీసిపోకుండ కోలుకొనుట హంటరు గమనించెను. అక్కరలేని చోట కత్తి పెట్టరాదని అప్పటినుండి అతని మతము.

1785 డిసెంబరులో సెయింట్ జార్జి ఆసుపత్రికి 45 ఏండ్ల బండి తోలువాడొకడు వచ్చెను. మోకాలి వెనుక ధమని బుడగవలె ఉబ్బియున్నది. పగిలినచో ప్రాణము దక్కదు. అట్టివారికి తొడ వద్ద కాలు తీసివేయుట, లేదా ఉబ్బును చీల్చి అచటనే ధమనిని కట్టుట వాడుక. కాని వ్యాధిగ్రస్తమైన గోడపై కట్టు నిలుచునా? హంటరు ఉబ్బును తాకలేదు. దానికి ఎగువన, తొడలో, ధమని ఆరోగ్యముగా నున్న చోట కట్టెను. ప్రధాన మార్గము మూసినను చిన్న శాఖల వెంట రక్తము పాదమునకు చేరునని అతని నమ్మకము. అట్లే జరిగినది. కొన్ని వారములకు బండివాడు తన కాళ్లతో ఇంటికి పోయెను. 1787లో అతడు జ్వరముతో మరణింపగా, హంటరు ఆ కాలును సంపాదించి, కోసి, తన ఊహ నిజమో కాదో చూచుకొనెను!

అట్టివాడును పొరబడెను. రెండు వేరువేరు సుఖవ్యాధులు ఒక్కటేయని 1786లో గ్రంథము వ్రాసెను. అతని పేరు పెద్దదగుటచే ఆ తప్పు చాలకాలము నిలిచినది.

ఐరోపా ఈ విద్యనంతయు తనంతట తానే కనిపెట్టలేదు. పదవ శతాబ్దపు కార్డోవా వైద్యుడు అల్ జహ్రావీ పరికరముల పటములతో అరబ్బీలో వ్రాసిన శస్త్రచికిత్సా భాగమును ఆక్స్‌ఫర్డులో 1778లో లాటిను అనువాదముతో అచ్చువేసిరి. తెగిన ముక్కును నుదుటి చర్మముతో తిరిగి నిర్మించు మన దేశపు పద్ధతిని 1794లో ఒక లండను పత్రిక బొమ్మతో ప్రకటించెను. అందలి రోగి కవాస్జీ, ఆంగ్లసైన్యపు ఎడ్లబండివాడు. దానిని చదివిన కార్ప్యూ అను శస్త్రవైద్యుడు 1814లో లండనులో ఆ చికిత్స చేసెను.

హంటరు 1793 అక్టోబరు 16న మరణించెను. ఎక్కడనో కాదు, ఆసుపత్రి పాలకవర్గ సమావేశమున, విద్యార్థుల ప్రవేశము గూర్చిన వాదములో! మన కమిటీ పెద్దలు దీనిని చదివి నవ్వుకొందురు గాక.

అతడు సేకరించిన సుమారు 14,000 నమూనాలను 1799లో ప్రభుత్వము 15,000 పౌనులకు కొనెను. వానిలో చార్లెస్ బర్న్ అస్థిపంజరము కలదు. ఏడున్నర అడుగులకు మించిన ఈ ఐర్లండు యువకుడు 22 ఏండ్లకే 1783లో చనిపోయెను. తన దేహము శవచ్ఛేదకుల చేత పడరాదని, సముద్రమున దింపవలెనని అతడు కోరెనందురు. హంటరు డబ్బిచ్చి ఆ దేహమును రహస్యముగా తెప్పించెను. తన దేహమును తాను కాపాడుకొనలేని పేదవాని మీద ఈ శాస్త్రము ఎక్కినదను మాట మనము దాచరాదు. ప్రదర్శనశాలను 2023లో మరల తెరచినపుడు ఆ యెముకలను ప్రజల చూపు నుండి తొలగించిరి. పరిశోధనకై దాచియే యుంచిరి. సముద్రమునకు అవి నేటికిని చేరలేదు.