ఎబోలా టీకాకు పదేళ్ల ఆలస్యం ఎందుకు?

పశ్చిమ ఆఫ్రికాలో 2014-16 మధ్య ఎబోలా 11,300 మందికి పైగా ప్రాణాలు తీసింది. అప్పటికి టీకా లేక కాదు. కెనడాలోని విన్నిపెగ్ ప్రయోగశాల రూపొందించిన టీకా కోతులను కాపాడుతోందని 2005లోనే తేలింది. మనుషులపై పరీక్షలకు డబ్బు పెట్టేవారే కరవయ్యారు. పేద దేశాల్లో అరుదుగా వచ్చే జబ్బు టీకాకు లాభసాటి మార్కెట్ ఉండదు మరి. చివరికి 2015లో గినియాలో రోగులతో మెలిగినవారికి, వారి చుట్టూ ఉన్నవారికి వేసి చూస్తే అది బాగా పనిచేసింది. ఈ లోటు తీర్చడానికే 2017 జనవరిలో దావోస్‌లో టీకా పరిశోధనలకు నిధులిచ్చే అంతర్జాతీయ కూటమి 'సెపీ' ఆవిర్భవించింది. ప్రధాన కార్యాలయం ఓస్లో. వ్యవస్థాపకుల్లో నార్వేతో పాటు భారత్ కూడా ఉంది.

ఇక్కడి ఆసుపత్రులకే నిధులు చాలనప్పుడు ఎక్కడి రోగాలకో ఖర్చెందుకన్న ప్రశ్న న్యాయమైనదే. ఊహించిన రోగం రాకపోతే సొమ్ము వృథా కదా అన్నది మరో అభ్యంతరం. రెండింటికీ కొవిషీల్డే జవాబు. పశ్చిమాసియాలో కనిపించిన మెర్స్ కోసం ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు సెపీ నిధులతోనూ చేసిన పరిశోధనే కొవిడ్ రాగానే అక్కరకొచ్చింది. అలా వచ్చిన కొవిషీల్డ్ మన ఊళ్లలో కోట్లమందికి అందింది. హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ చికున్‌గున్యా టీకా పరిశోధనకూ సెపీ సాయపడింది.

ముందస్తు సన్నద్ధత విలువను ఉగాండా అనుభవం ఇంకా సూటిగా చెబుతుంది. 2022లో అక్కడ ఎబోలా రకానికి చెందిన సుడాన్ వైరస్ వ్యాప్తిని ప్రకటించాక ప్రయోగ టీకాలు చేరడానికి 79 రోజులు పట్టింది. అప్పటికే కేసులు తగ్గిపోయి పరీక్ష సాధ్యపడలేదు. 2025 జనవరి 30న మళ్లీ ప్రకటించేసరికి డోసులు దేశంలోనే సిద్ధంగా ఉన్నాయి. నాలుగు రోజుల్లో ప్రయోగం మొదలైంది.