బడిలో ఏడిపిస్తున్నారా? ఇంట్లోవాళ్లకు కొన్ని చిట్కాలు

మిరప కోతలు మొదలైతే గుంటూరు, ప్రకాశం పల్లెల్లో తెల్లారేసరికి ఇళ్లు ఖాళీ. పెద్దవాళ్లు చేలో, పిల్లలు బడిలో. కర్నూలు వైపు నుంచీ మార్కాపురం మెట్ట ఊళ్ల నుంచీ కోతలకొచ్చిన కూలీలు కొందరు పిల్లల్నీ వెంట తెచ్చుకుంటారు. ఆ పిల్లలు బడిలో అడుగుపెడితే యాస విని, బట్టలు చూసి పేర్లు పెట్టేవాళ్లు సిద్ధంగా ఉంటారు. ఊరి పిల్లలకూ ఈ బాధ తప్పదనుకోండి.

1. తగవేదో, వేధింపేదో ముందు తేల్చుకోండి. నార్వే పరిశోధకుడు డాన్ ఓల్వియస్ 1970ల నుంచీ దీన్ని అధ్యయనం చేసి మూడు గుర్తులు చెప్పాడు: కావాలని చేయడం, పదే పదే చేయడం, ఎదుటివాడు తిప్పికొట్టలేని స్థితిలో ఉండటం. సమ ఉజ్జీలు ఇద్దరు బ్యాటు కోసం కొట్టుకుంటే సాయంత్రానికి వాళ్లే కలుస్తారు. నలుగురు కలిసి రోజూ ఒకడి సంచి దాచేస్తే అది తగవు కాదు. ఆడపిల్లల్లో చాలాసార్లు చెయ్యి లేవదు. ఒకమ్మాయితో ఎవరూ మాట్లాడకుండా కట్టు పెడతారు. దెబ్బ కనబడదు కాబట్టి మనకు ఆనదు.

2. "బడిలో ఏం జరిగింది?" అంటే వచ్చే జవాబు "ఏం లేదు". అందుకని చోట్ల గురించి అడగండి. అన్నం ఎవరి పక్కన కూర్చుని తిన్నావు? ఆటోలో ఎక్కడ కూర్చున్నావు? ఏడిపింపులు ఎక్కువగా సాగేది పెద్దవాళ్ల కన్ను పడని చోటే. పిల్ల బడిలో నీళ్లు తాగడం మానేసి, ఇంటికి రాగానే బాత్రూమ్‌కి పరుగెడుతోందా? అక్కడ శుభ్రం లేకనా, ఎవరైనా కాపు కాస్తున్నారా, కనుక్కోండి.

3. "నువ్వూ నాలుగు తగిలించి రా" అనకండి. తగిలించగలిగితే వాడు మీదాకా వచ్చేవాడే కాదు. పల్నాటి పౌరుషం బడి బాత్రూమ్ దగ్గర పనికిరాదు.

4. అవతలి పిల్లాడి ఇంటిమీదికి వెళ్లకండి. మన ఊళ్లలో అది పొద్దున రెండిళ్ల గొడవ, మధ్యాహ్నానికి కులాల గొడవ, రాత్రికి పార్టీల గొడవ. తేదీ, చోటు, ఏం చేశారు, ఎవరు చూశారు అన్నది ఓ నోటుబుక్కులో రాయండి. ఫోన్లో వచ్చిన మెసేజ్‌లు తుడిచేయకుండా స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి. హెడ్మాస్టరుకు కాగితం మీద రాసిచ్చి, నకలు మీద సంతకం తీసుకోండి. 2009 విద్యా హక్కు చట్టం ప్రకారం సర్కారు బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి. 2024 డిసెంబరు 7 నుంచి మెగా పేరెంట్ టీచర్ సమావేశాలూ జరుగుతున్నాయి. అక్కడ మార్కులొక్కటే మాట్లాడి రాకండి.

5. మీవాడే ఏడిపిస్తున్నాడని కబురొస్తే? "మావోడు అలాంటోడు కాదు" అనేస్తాం. లేదంటే వీపు పగలగొడతాం. బలమున్నవాడు లేనివాణ్ణి కొట్టొచ్చన్న పాఠం రెండో పద్ధతిలో ఇంకా బాగా ఒంటబడుతుంది. ఏం చేశాడో పూర్తిగా చెప్పించండి. దాచిన వస్తువు తిరిగి ఇప్పించండి. నెలపాటు క్లాసు టీచరును అడుగుతూ ఉండండి. ఆ తర్వాత ఇంట్లో మాటలు వినండి. నల్లోడు, బొండాం, నత్తోడు అని చుట్టాల పిల్లల్ని పిలిచేది మనమే. కోతకొచ్చిన కూలీని ఆమె వయసైనా చూడకుండా "ఏమే" అనేదీ మనమే. బడి బెంచీ మీద వాడు అదే అంటాడు. నన్నడిగితే ఈ జాబితాలో అన్నిటికన్నా కష్టమైనదిదే.

6. పక్కన నిలబడి చూసే పిల్లలకు చెప్పండి: నవ్వొద్దు, వీడియో తీయొద్దు, గొడవ సద్దుమణిగాక వెళ్లి వాడి పక్కన కూర్చో. ఫిన్లాండ్ బడుల్లోని కివా కార్యక్రమం ఈ చూసేవాళ్లనే ప్రధానంగా పట్టించుకుంది.

7. ఏడిపించేది మాస్టారే అయితే కూడా ఊరుకోనక్కర్లేదు. కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ అదే విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది.

8. హాస్టల్లో ఉన్న పిల్లలతో వార్డెన్ ముందు ఫోన్లో మాట్లాడితే నిజం బయటికి రాదు. చూడ్డానికి వెళ్లినప్పుడు గేటు బయటికి తీసుకెళ్లి, తిండి పెట్టించి, తీరిగ్గా వినండి. 2015 జులైలో నాగార్జున విశ్వవిద్యాలయం హాస్టల్లో ర్యాగింగ్ వేధింపుల నడుమ ఒక విద్యార్థిని ప్రాణం తీసుకుంది. అప్పటికే 1997 నాటి ర్యాగింగ్ నిషేధ చట్టం మనకుంది. ఎగతాళి చేసి అవమానించినా ఆ చట్టం కింద ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. ఫిర్యాదు అందీ కదలని సంస్థ పెద్దను ప్రోత్సహించినవాడిగానే లెక్కగడతారు.

9. ఒంటిమీద దెబ్బలు, లైంగిక వేధింపు, కులం పేరుతో దూషణ ఉంటే హెడ్మాస్టరు కబురు కోసం ఆగకండి. బాలల సహాయవాణి 1098, పోలీసులకు 112. "బతకాలని లేదు" అన్న మాట వినబడితే టెలీ మానస్ 14416. మూడూ రాత్రీ పగలూ పనిచేస్తాయి. పిల్లలు తామే చేసి మాట్లాడొచ్చు.