శాతం అంటే నూరు గళ్ల లెక్క

శాతం లెక్కలంటే మనలో చాలామందికి భయం. సూత్రం బట్టీ పెట్టకుండా బొమ్మ గీసి ఎలా చెయ్యాలో నేను చెబుతాను.

గళ్ల నోటుపుస్తకంలో అడ్డంగా 10, నిలువుగా 10 గళ్లు ఉండేలా ఒక పెట్టె గీయండి. మొత్తం 100 గళ్లు. శతం అంటే నూరు కదా! ఒక గడికి రంగు వేస్తే 1 శాతం. ఒక వరుసకి వేస్తే 10 శాతం. సగానికి వేస్తే 50, పావుకి వేస్తే 25 శాతం.

ఇప్పుడు సంతకి పోదాం. మనవాళ్లు 40 కిలోల చింతపండు తెచ్చారనుకోండి. షావుకారు "తరుగు 10 శాతమే" అన్నాడు. 40 కిలోలను 100 గళ్లలో సమానంగా సర్దితే గడికి 400 గ్రాములు. 10 గళ్లకి 4 కిలోలు. పదే కదా అని ఊరుకుంటే 4 కిలోల డబ్బు పోయినట్లే! అందుకే శాతం అనగానే "దేంట్లో శాతం?" అని అడగాలి.

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో అక్షరాస్యత సుమారు 73 శాతం, గిరిజనులలో సుమారు 59 శాతం. నేను రెండు పెట్టెలు గీసి రంగు వేశాను. మొదటి దాంట్లో 27 గళ్లు, రెండో దాంట్లో 41 గళ్లు తెల్లగా మిగిలాయి. మన ఇళ్లల్లో చదువురాని పెద్దవాళ్లు ఆ తెల్ల గళ్లలోనే ఉన్నారు. సెలవులకి ఇంటికి పోయినప్పుడు 100 చింతగింజలు పేర్చి వాళ్లకి తరుగు లెక్క చూపించండి. దానికి అక్షరాలు రానక్కర్లేదు.

మీకొక లెక్క: 60 కిలోలకి 5 శాతం తరుగు తీస్తే ఎంత పోతుంది? గళ్లు గీసి చెప్పండి.