చక్కెర బదులు తీపి మాత్రలు: ఎవరికి, ఎంతవరకు?

"చక్కెర మానేసి టీలో తీపి మాత్ర వేసుకోవచ్చా?" అని షుగర్ ఉన్న పెద్దలు మమ్మల్ని తరచుగా అడుగుతుంటారు. మేము జవాబు చెప్పేలోగా పక్కనున్నవారే చెప్పేస్తారు. ఒకరు "అది విషం, క్యాన్సర్ వస్తుంది" అంటారు. మరొకరు "మా ఇంట్లో అందరం అదే వాడుతున్నాం, పిల్లలకు కూడా" అంటారు. ఇంకొకరు "ఆ రెండూ వద్దు, బెల్లం వేసుకోండి, లేదా తేనె" అంటారు. ఈ మూడు మాటల్లో ఎక్కువ నష్టం చేస్తున్నది మూడోదేనని మా అభిప్రాయం. అందుకే అక్కడ మొదలుపెడదాం.

బెల్లంలో కొద్దిగా ఇనుము, కొన్ని ఖనిజాలు ఉన్నమాట నిజమే. కానీ అందులో అధిక భాగం చక్కెరే. తేనెలో ఉన్నది గ్లూకోజ్, ఫ్రక్టోజ్. తాటిబెల్లం సంగతీ అంతే. రక్తంలోకి వెళ్లాక శరీరానికి ఇది బెల్లం, ఇది చక్కెర అనే తేడా ఉండదు. "మేము చక్కెర ముట్టం" అంటూ రోజూ నాలుగు కప్పుల బెల్లం టీ తాగేవారికి పరీక్షలో షుగర్ తగ్గకపోవడంలో ఆశ్చర్యం లేదు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవారు 10 కోట్లు దాటారు. ఇంతమంది ఉన్న దేశంలో ఇది చిన్న పొరపాటు కాదు.

ఇక తీపి మాత్రల విషయం. వీటిలో పాతది శాకరిన్. 1879లో అమెరికాలోని ఒక ప్రయోగశాలలో తారు నుంచి వచ్చే పదార్థాలపై పనిచేస్తున్న ఫాల్‌బర్గ్ అనే రసాయన శాస్త్రవేత్త, చేతులు సరిగా కడుక్కోకుండా భోజనానికి కూర్చుంటే రొట్టె తియ్యగా తగిలిందట. 1965లో ఆస్పర్టేమ్, 1976లో సుక్రలోజ్ కూడా అనుకోకుండా దొరికినవే. ఆస్పర్టేమ్ చక్కెర కన్నా సుమారు 200 రెట్లు తీపి, సుక్రలోజ్ 600 రెట్లు. స్టీవియా మాత్రం దక్షిణ అమెరికా మొక్క ఆకు నుంచి తీసేది. చిటికెడు కన్నా తక్కువే సరిపోతుంది కాబట్టి కేలరీలు లెక్కలోకి రావు.

క్యాన్సర్ భయం ఎక్కడిది? 1970లలో ఎలుకలకు శాకరిన్ ఎక్కువ మోతాదులో పెడితే మూత్రాశయంలో కణితులు వచ్చాయి. అమెరికాలో డబ్బాలపై హెచ్చరిక ముద్రించారు. అది ఎలుకల శరీర తత్వానికి సంబంధించినదని, మనుషులకు వర్తించదని తేలాక 2000లో ఆ హెచ్చరిక తీసేశారు. 2023 జూలైలో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా విభాగం ఆస్పర్టేమ్‌ను "క్యాన్సర్‌కు కారణం కావచ్చునేమో" అనే వర్గంలో చేర్చింది. కలబంద పూర్తి ఆకు సారం కూడా అదే వర్గంలో ఉంది. అదే రోజు మరో నిపుణుల సంఘం రోజుకు కిలో బరువుకు 40 మిల్లీగ్రాముల వరకు ఫరవాలేదన్న పాత పరిమితినే ఖాయం చేసింది. డబ్బాకు 200 నుంచి 300 మిల్లీగ్రాములు అనుకుంటే, 70 కిలోల మనిషి డైట్ పానీయం రోజుకు 9 నుంచి 14 డబ్బాలు దాటి తాగితేనే ఆ గీత దాటుతాడు. టీలో ఒకటి రెండు మాత్రలు వేసుకునేవారు ఈ వార్త చూసి నిద్ర పాడుచేసుకోనక్కరలేదు. ఫినైల్‌కీటోన్యూరియా అనే అరుదైన పుట్టుక వ్యాధి ఉన్నవారు మాత్రం ఆస్పర్టేమ్ తాకకూడదు. డబ్బా మీద ఆ మాట రాసే ఉంటుంది.

2023 మే నెలలో అదే సంస్థ మరో మాట చెప్పింది. బరువు తగ్గడానికి ఈ తీపి పదార్థాలను నమ్ముకోవద్దని. దీర్ఘకాలంలో బరువు తగ్గిన దాఖలా కనిపించలేదు. ఆ సలహా ఇప్పటికే షుగర్ ఉన్నవారికి వర్తించదని అందులోనే రాసి ఉంది. మన వాట్సాప్ సందేశాల్లో మాత్రం ఆ ఒక్క వాక్యం ఎప్పుడూ రాలిపోతుంది!

కాబట్టి మా అభిప్రాయం ఇది. షుగర్ ఉండి, తీపి లేని టీ గొంతు దిగనివారికి ఈ మాత్ర ఒక ఊతకర్ర. రోజుకు నాలుగు టీలు, ఒక్కోదానికి రెండు స్పూన్ల చక్కెర అనుకుంటే సుమారు 40 గ్రాములు అవుతుంది. రోజంతటికీ కలిపి 25 గ్రాముల లోపు ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. ఆ 40 గ్రాములు తప్పడం చిన్న లాభం కాదు. షుగర్ లేనివారు, ముఖ్యంగా పిల్లలు, దీన్ని అలవాటు చేసుకోవాల్సిన పని లేదు. వారానికి అర స్పూను చొప్పున చక్కెర తగ్గిస్తూ పోతే నాలుక తనంతట తానే సర్దుకుంటుంది.

"షుగర్ ఫ్రీ" మిఠాయిల దగ్గరే మనవాళ్లు ఎక్కువగా మోసపోతున్నారు. చక్కెర తీసేసినంత మాత్రాన కోవా, నెయ్యి, మైదా ఎక్కడికీ పోవు. పండగనాటి షీర్ ఖుర్మానే తీసుకోండి. చక్కెర బదులు సుక్రలోజ్ పొడి వేసినా ఖర్జూరం, సేమ్యా, పాలు అలాగే ఉంటాయి. వాటిలోని పిండి పదార్థం, చక్కెరలు షుగర్ పెంచుతాయి. "షుగర్ ఫ్రీయే కదా" అని రెండో గిన్నె తీసుకుంటే మామూలు షీర్ ఖుర్మా ఒక చిన్న కప్పు తిన్నదానికన్నా నష్టమే. కొన్ని మిఠాయిల్లో వాడే మాల్టిటాల్ కూడా కొంత షుగర్ పెంచుతుంది, ఎక్కువైతే విరేచనాలూ అవుతాయి. ఇంట్లో చేసుకునేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. ఆస్పర్టేమ్ వేడికి తీపి కోల్పోతుంది, పొయ్యి మీద మరిగించకుండా దించాక కలపాలి.

ఇప్పుడు ప్రాణం మీదకు వచ్చే విషయం. ఇన్సులిన్ గానీ, షుగర్ బాగా తగ్గించే కొన్ని రకాల మాత్రలు గానీ వాడేవారికి ఒక్కోసారి షుగర్ పడిపోతుంది. ఒళ్లంతా చెమట, వణుకు, గుండె దడ, తికమక మాటలు. ఆ సమయంలో తీపి మాత్ర వేసిన టీ, డైట్ పానీయం ఏమాత్రం పనిచేయవు. నాలుకకు తీపి తగులుతుంది, రక్తానికి ఏమీ అందదు. షుగర్ రోగి ఉన్న ఇంట్లో అసలు చక్కెర ఉంచనేకూడదనుకోవడం అందుకే ప్రమాదం. మూడు స్పూన్ల చక్కెర, అంటే 15 గ్రాములు, నీళ్లలో కలిపి వెంటనే తాగించాలి. వోగ్లిబోస్, ఆకార్బోస్ వంటి మాత్రలు వాడేవారికి చక్కెర ఆలస్యంగా పనిచేస్తుంది, వారికి గ్లూకోజ్ పొడే కావాలి. 15 నిమిషాల తరువాత మళ్లీ పరీక్ష చేసి, పెరగకపోతే మళ్లీ ఇవ్వాలి. రంజాన్‌లో ఉపవాసమున్న షుగర్ రోగికి 70 కన్నా తగ్గితే ఇఫ్తార్ దాకా ఆగకూడదు, అప్పుడే విరమించాలి. రోగికి ఆ మినహాయింపు ఉన్నదే అందుకు. ఇక స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి.