జబ్బుపడిన ఆక్సొలాటల్‌ను కాపాడు విధము

మెక్సికో నగర ప్రాంతమునందలి సోచిమిల్కో కాలువలు ఆక్సొలాటల్ అను ఉభయచరమునకు పుట్టినిల్లు. అది యావజ్జీవము మొప్పలతో నీటనే యుండును. దానిని తొట్టెలో పెంచు బాలబాలికలకు మేము చెప్పునదేమనగా, ఈ ప్రాణి మూల్గదు, ఏడ్వదు. మేత మానుట, మొప్పలు ముందునకు వంగుట, తోక కొన చుట్టుకొనుట, ఇవియే దాని మొఱ.

అట్టి తఱి మందునకు ముందు నీటిని పరీక్షింపవలెను. మలమునుండియు మిగిలిన మేతనుండియు పుట్టు అమ్మోనియా మొప్పలను కాల్చును. 24 డిగ్రీల సెంటిగ్రేడు మించిన వేడిమి బలమును హరించును. రోగిని వేఱు పాత్రలో నుంచి, క్లోరిను పోగొట్టిన మంచినీటిని ప్రతిదినము మార్చుచు, వేడిమిని మెల్లమెల్లగా 16 మొదలు 18 డిగ్రీలకు దింపవలెను. ఒడలిపై దూదివంటి బూజు పట్టినచో జాగు సేయక పశువైద్యునకు చూపవలెను.

నోరులేని ప్రాణిని చేపట్టిన మనము దాని నీటికి దేవుని యెదుట ఉత్తరవాదులము.