కొన్న ధర ఒక్కసారే, మేపే ఖర్చు రోజూ
(ట్రావియన్ ఆటలో వనరుల నిర్వహణ - ఒక పాఠం)



ఆట అనగానే కాలం వృథా అని పెద్దలు అంటారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. అయితే కొన్ని ఆటల వెనుక ఉన్న లెక్కను అర్థం చేసుకుంటే అది అర్థశాస్త్రం పరీక్షకూ, రేపటి సంసారానికీ పనికి వస్తుంది. అటువంటి ఆటలలో ట్రావియన్ ఒకటి. వార్షికోత్సవ సంచికలో దీనికి రెండు పేజీలు కేటాయించమని మేము అడిగింది అందుకే. మిమ్మల్ని ఆడమని చెప్పడం మా ఉద్దేశం కాదు, లెక్క చూడమని చెప్పడమే.

ఆట స్వరూపం

ట్రావియన్ 2004లో జర్మనీలో పుట్టింది. ఇంటర్నెట్ బ్రౌజర్‌లోనే ఆడవచ్చు. తొలినాళ్లలో రోమన్లు, గాల్‌లు, ట్యూటన్లు అని మూడు జాతులు ఉండేవి. ఆటగాడు ఒక జాతిని ఎంచుకుంటే చిన్న గ్రామం ఇస్తారు. వనరులు నాలుగు: కలప, బంకమట్టి, ఇనుము, ధాన్యం. మామూలు గ్రామం చుట్టూ 18 స్థలాలుంటాయి. వాటిలో కలపకు 4, మట్టికి 4, ఇనుముకు 4, ధాన్యానికి 6. ఒక్క ధాన్యానికే రెండు స్థలాలు ఎక్కువ ఎందుకు ఇచ్చారో చివరికి మీకే తెలుస్తుంది.

ఈ ఆట మనం కంప్యూటర్ కట్టేసినా ఆగదు. వనరులు గంట గంటకూ వస్తూనే ఉంటాయి. ఒక్కో ఆట నెలల తరబడి నడుస్తుంది.

1. పెట్టింది ఎన్నాళ్లకు తిరిగి వస్తుంది?

ఆట తొలి రూపాల్లోని అంకెలు చూద్దాం. కలప స్థలాన్ని మొదటి స్థాయికి తేవడానికి కలప 40, మట్టి 100, ఇనుము 50, ధాన్యం 60 కావాలి. మొత్తం 250. దీనివల్ల గంటకు 2 వచ్చే కలప 5 అవుతుంది, అంటే 3 పెరుగుతుంది. 250ని 3తో భాగిస్తే 83 గంటలు. సుమారు మూడున్నర రోజుల్లో పెట్టుబడి తిరిగి వస్తుంది.

స్థాయి పెరిగిన కొద్దీ ఖర్చు ముందు దానికి 1.67 రెట్లు అవుతుంది. పదో స్థాయికి వచ్చేసరికి సుమారు 25 వేలు పెట్టాలి. ఆదాయం 145 నుంచి 200 అవుతుంది, పెరిగేది 55. భాగించి చూడండి: దాదాపు 460 గంటలు, అంటే 19 రోజులు.

కావున ఒక్క స్థలాన్నే ఆకాశానికి ఎత్తడం కంటే 18 స్థలాలనూ ముందు చిన్న స్థాయిలకు తేవడం లాభం. తర్వాతి రూపాల్లో అంకెలు మారాయి గాని ఈ లెక్క తీరు మారలేదు. ఒకే సబ్జెక్టులో 98 కోసం 95 దగ్గర కుస్తీ పడుతూ, ఇంకో సబ్జెక్టును 30 దగ్గర వదిలేసేవారు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

2. కొరత ఉన్నదే కొలత

కలప స్థలానికి ఎక్కువగా కావలసింది మట్టి. మట్టి గనికి కలప 80, ఇనుము 80 కావాలి. ఇనుప గనికి కలప 100 కావాలి. ఒకదానికొకటి ముడి. గోదాములో కలప 700 ఉండి మట్టి 90 మాత్రమే ఉంటే కలప స్థలం మొదటి స్థాయికి కూడా రాదు. ఆ 700 అక్కడ ఊరికే పడి ఉంటుంది.

మన స్టోర్ రూమ్‌లో బియ్యం బస్తాలు ఎన్ని ఉన్నా కందిపప్పు నిండుకుంటే ఆ రోజు పప్పు లేదు కదా! కనుక ఏది ఎక్కువ ఉందో చూసి మురిసిపోక, ఏది తక్కువ ఉందో చూసి ముందు దాన్ని పెంచాలి.

3. నిండిన గోదాము కూడా నష్టమే

ఆరంభంలో ఒక్కో వనరు 800 వరకే నిల్వ ఉంటుంది. గంటకు 100 వచ్చే వనరు 8 గంటల్లో నిండిపోతుంది. తొమ్మిదో గంటలో వచ్చింది ఎవరికీ దక్కదు. పైగా నిండిన గోదాము మీద పొరుగు ఆటగాళ్ల కన్ను పడుతుంది, దండు పంపి దోచుకుపోతారు. కొంత సరుకు దాచుకోవడానికి రహస్యపు కొట్టు కట్టుకోవచ్చు గాని దానికీ హద్దుంది.

అందుచేత తెలిసినవారు పడుకునే ముందు వనరులను ఏదో ఒక నిర్మాణంలో పెట్టి పడుకుంటారు. కట్టిన స్థలాన్ని దొంగ గోనెలో వేసుకుపోలేడు. చదువు కూడా అంతే, ఒంట పట్టినదాన్ని ఎవరూ ఎత్తుకుపోలేరు.

4. ధాన్యం - అసలు పరీక్ష

కలప, మట్టి, ఇనుము ఖర్చు పెట్టినప్పుడే తగ్గుతాయి. ధాన్యం అలా కాదు. గ్రామంలోని ప్రతి మనిషీ, ప్రతి సైనికుడూ గంట గంటకూ తింటూనే ఉంటారు. పైన చెప్పిన కలప స్థలం మొదటి స్థాయికి వస్తే జనాభా 2 పెరుగుతుంది. అంటే గంటకు 3 కలప వస్తే 2 ధాన్యం పోతుంది. ఈ రెండో అంకెను చాలామంది చూడరు.

సైనికుల సంగతి ఇంకా గట్టిది. గాల్‌ల కాలిబంటు ఫాలాంక్స్‌కు శిక్షణ ఖర్చు కలప 100, మట్టి 130, ఇనుము 55, ధాన్యం 30. ముప్ఫై ధాన్యమే కదా అనిపిస్తుంది. కాని వాడు గంటకు 1 చొప్పున తింటాడు. 30 గంటల్లో తన శిక్షణ ధాన్యమంత తినేస్తాడు. పది రోజుల్లో 240 తింటాడు. వంద మంది ఉంటే రోజుకు 2,400.

ఒక ఉదాహరణ: గ్రామంలో గంటకు 60 ధాన్యం మిగులుతోంది. వంద మంది ఫాలాంక్స్‌లను తయారు చేశాక ధాన్యాగారంలో 600 ఉంది. ఇప్పుడు గంటకు 100 తిండి, 60 మిగులు. లోటు 40. 600ని 40తో భాగిస్తే 15 గంటలు. పదహారో గంట నుంచి సైనికులు ఆకలితో చనిపోవడం మొదలవుతుంది. శత్రువు రానక్కరలేదు.

ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటే ఇదే. ధాన్యానికి ఆరు స్థలాలు ఎందుకో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

5. ఇచ్చిపుచ్చుకోవడం

మిగిలినదాన్ని సంతలో ఇచ్చి కొరత ఉన్నదాన్ని తెచ్చుకోవచ్చు. రోమన్ వర్తకుడు 500, గాల్ వర్తకుడు 750, ట్యూటన్ వర్తకుడు 1,000 మోస్తారు. ఎక్కువ మోసే ట్యూటన్ నెమ్మదిగా నడుస్తాడు, గాల్ అందరికంటే వేగంగా పోతాడు. అన్ని గుణాలూ ఒక్కరికి ఇవ్వలేదు. అందుకే కూటమి కట్టినవారే చివరిదాకా నిలుస్తారు.

6. లెక్కలోకి రాని ఐదో వనరు

ఆటలో బంగారం అని ఒకటి ఉంది. దాన్ని నిజమైన డబ్బుతో కొనవచ్చు. దానితో ఉత్పత్తిని 25 శాతం పెంచుకోవచ్చు, నిర్మాణం వెంటనే ముగించవచ్చు. దండు రాత్రిపూట వస్తుంది గనుక కొందరు అలారం పెట్టుకుని లేస్తారు. అక్కడ ఖర్చయ్యేది కలప కాదు, మన నిద్ర, తెల్లవారి స్టడీ అవర్. దానికి గోదాము లేదు, సంతలో దొరకదు. స్కాలర్‌షిప్ డబ్బు ఆట బంగారానికి పెట్టవద్దని తమ్ముళ్లకు గట్టిగా చెబుతున్నాం.

ముగింపు

మనలో చాలామంది ఇంట్లో మొదటి జీతం తెచ్చేవాళ్లం మనమే. ఆ నెలలోనే దుకాణంవాడు బండి చూపించి, ముందు కొంచెం కడితే చాలు అంటాడు. ఆ కొంచెం శిక్షణ ఖర్చు మాత్రమే. నెల నెలా వాయిదా, పెట్రోలు, బీమా - అవి ఫాలాంక్స్ తినే ధాన్యం. ఊళ్లో అమ్మానాన్నలకు పంపవలసింది, చెల్లెలి ఫీజు కూడా ఆ ధాన్యాగారంలోంచే రావాలి. బండి కొనకూడదని కాదు. కొనే ముందు ధర ఎంత అని కాక, నెలకు ఎంత తింటుంది, మనకు నెలకు ఎంత మిగులుతుంది, లోటు వస్తే ఎన్నాళ్లు ఆగుతాం అని మూడు ప్రశ్నలు కాగితం మీద రాసుకోవాలి.

ఏనుగును కొనడం గొప్ప కాదు, మేపడం గొప్ప. ఈ ఒక్క మాట గుర్తుంటే ఆట ఆడకపోయినా మీరు గెలిచినట్లే.

- పూర్వ విద్యార్థులు