కాలేయ మార్పిడి – కుటుంబ సభ్యులు తెలుసుకోవలసిన విషయాలు

"లివర్ పూర్తిగా చెడిపోయింది, మార్పిడి ఒక్కటే దారి" అని డాక్టరుగారు చెప్పగానే ఇంట్లోవారికి కాళ్ళూ చేతులూ ఆడవు. కాలేయం ఎవరివ్వాలి? ఇచ్చినవారికి ప్రమాదమా? వేరే వైద్యం లేదా? ఈ ప్రశ్నలకు జవాబులు తెలుసుకుందాం.

కాలేయం చేసే పని

పొట్టలో కుడివైపు, పక్కటెముకల కింద ఉండే కాలేయం పెద్దవారిలో సుమారు కిలోన్నర బరువుంటుంది. రక్తంలోని విషపదార్థాలను విరిచేస్తుంది. రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్రొటీన్లను, అరుగుదలకు పైత్యరసాన్ని తయారుచేస్తుంది. మద్యం, హెపటైటిస్ బి, సి, కొవ్వు పేరుకోవడం వంటి కారణాలతో అది ఏళ్ళ తరబడి గట్టిపడిపోతే సిర్రోసిస్ అంటారు. ఎలుకల మందు పేస్టు మింగినా, పారాసెటమాల్ మాత్రలు మోతాదుకు మించి వేసుకున్నా కొద్దిరోజుల్లోనే చెడిపోవచ్చు.

కాలేయం ఎక్కడినుంచి వస్తుంది?

మనిషికి మొదటి కాలేయ మార్పిడిని 1963లో అమెరికాలో డాక్టర్ థామస్ స్టార్జల్ చేశారు. మన దేశంలో 1994లో అవయవ మార్పిడి చట్టం వచ్చింది. దాని ప్రకారం రెండు మార్గాలున్నాయి.

1. బ్రెయిన్ డెడ్ అయినవారి నుంచి: బంధువుల అంగీకారంతో తీసుకుంటారు. తెలుగు రాష్ట్రాల్లో జీవన్‌దాన్ పథకంలో రోగి పేరు నమోదు చేయించాలి.

2. బతికున్న దగ్గరి బంధువు నుంచి: తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, తోబుట్టువులు, 18 ఏళ్ళు నిండిన పిల్లలు మొదలైనవారు కొంత భాగం ఇవ్వవచ్చు. కాలేయానికి తిరిగి పెరిగే గుణం ఉంది. కొద్ది నెలల్లో ఇద్దరిలోనూ దాదాపు సరిపడా పెరుగుతుంది.

దాతకూ ఇది పెద్ద ఆపరేషనే. ప్రాణాపాయం చాలా అరుదు, కానీ అసలు లేదనలేము. అందుకే కోడలినో, చిన్న తమ్ముణ్ణో "నువ్వే ఇవ్వాలి" అని ఇంటిల్లిపాదీ ఒత్తిడి చేయకూడదు. దాత డాక్టరుతో ఒంటరిగా మాట్లాడాలి. ఇష్టం లేదంటే అక్కడితో ఆపాలి, నిష్ఠూరాలు ఆడకూడదు.

రోగి జీవితాంతం మందులు వాడాలి. బాగుందని మానేస్తే శరీరం కొత్త కాలేయాన్ని తిరస్కరిస్తుంది.

వేరే మార్గాలు ఉన్నాయా?

ప్లాస్మా మార్పిడి: రోగి రక్తంలోని ప్లాస్మాను తీసి దాతల ప్లాస్మా ఎక్కిస్తారు. హఠాత్తుగా కాలేయం చెడినవారిపై యూరప్‌లో జరిపి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ చికిత్స పొందినవారిలో నూటికి సుమారు 59 మంది కోలుకుని ఇంటికి వెళ్ళారు. పొందనివారిలో 48 మంది.

ఆల్బుమిన్ డయాలసిస్: విషపదార్థాలను వడకట్టే యంత్రం. మార్పిడి జరిగేవరకు, లేదా కాలేయం తేరుకునేవరకు కొంత ఆసరా ఇస్తుంది. మూత్రపిండాల డయాలసిస్‌లాగా దీనితో ఏళ్ళు గడపలేము.

పరిశోధనలో ఉన్నవి: కాలేయ కణాలను ఎక్కించడం, జన్యువులు మార్చిన పంది కాలేయం. 2024లో చైనాలో అలాంటి కాలేయాన్ని బ్రెయిన్ డెడ్ అయిన వ్యక్తికి అమర్చగా, 10 రోజులు పనిచేసింది. ఇవి ఇంకా అందరికీ అందే చికిత్సలు కావు. స్టెమ్ సెల్స్‌తో సిర్రోసిస్ నయం చేస్తామన్న ప్రకటనలు చూసి పొలం అమ్ముకోకండి.

గుర్తుంచుకోండి

• కామెర్లకు పసరు పోయించడం, వాతలు పెట్టించడం వల్ల విలువైన రోజులు పోతాయి.
• కామెర్లున్న మనిషి మగతగా ఉన్నా, పొంతన లేకుండా మాట్లాడినా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.
• ఎలుకల మందు మింగినవారు మొదటి రెండురోజులు బాగున్నట్లే కనిపించవచ్చు. నమ్మి ఇంటి దగ్గర ఉంచవద్దు.
• మద్యం పూర్తిగా మానితే కొందరిలో మార్పిడి అవసరమే రాదు.
• హెపటైటిస్ బి కి టీకా ఉంది. హెపటైటిస్ సి ని చాలామందిలో 12 వారాల మాత్రలతో నయం చేయవచ్చు. రోగి ఇంట్లోవారంతా రక్తపరీక్ష చేయించుకోండి.